పెద్ద అంగడి షరతులు – రైతు లెక్క, అంగడి లెక్క



ఈ పూట మీతో ఒక అట్టపెట్టెను గురించి మాట్లాడదలచినాను. పులివెందుల, లింగాల పక్కల అరటి తోటలున్న వారు ఆ పెట్టెను చూసే ఉంటారు. పదమూడు కిలోల పెట్టె. గెల కోసి, హస్తాలు విడదీసి, తొట్టిలో కడిగి, సొన కారనిచ్చి, ఆరబెట్టి, ఆ పెట్టెలో సర్దుతారు. సుమారు పదమూడు డిగ్రీల చల్లదనంలో ఉంచి ఓడరేవుకు పంపుతారు. పైన ఒక చీటీ అంటిస్తారు. చీటీ మీద అంకెలుంటాయి. దూరదేశంలో ఒక పెద్ద అంగడిలో ఆ కాయలో మందు శేషం ఎక్కువగా ఉందని తేలినదనుకోండి, ఆ అంకెలు పట్టుకొని వెనక్కి వస్తే ప్యాక్‌హౌస్ దొరుకుతుంది, తోట దొరుకుతుంది, చివరకు రైతు దొరుకుతాడు.

మంచిదే. తప్పు చేసినవాడు దొరకవలసినదే. అయితే నేను అడిగేది ఒక్కటే. ఆ అంకెలు కిందికి వచ్చినట్టు పైకి గూడా పోతాయా? మందు కొట్టిన కూలివానికి జబ్బు చేస్తే, ఆ పెట్టెను అమ్ముకున్న పెద్ద అంగడిదాకా ఆ లెక్క పోతుందా? ఈనాటి మాట అంతా దీని మీదనే.

మొదట ఈ షరతులు ఎక్కడ పుట్టినవో చూద్దాము. 1997లో ఐరోపాలోని పెద్ద అంగళ్ల వాళ్లు కొందరు కలసి, మాకు సరుకు పంపే రైతు ఫలానా పద్ధతిలో పండించవలెనని ఒక నియమావళి తయారుచేసినారు. దానికి యూరెప్‌గ్యాప్ అని పేరు. 2007లో అదే గ్లోబల్‌గ్యాప్ అయినది. అది ఏ ప్రభుత్వమూ చేసిన చట్టం కాదు. అయినా ఐరోపా పెద్ద అంగళ్లలో పండ్లు, కూరగాయలు అమ్మదలచిన వాళ్లు దానిని తప్పించుకొని పోవడం కష్టం. సర్టిఫికెట్ పొందిన రైతుకు గాని, రైతుల గుంపుకు గాని పదమూడు అంకెల సంఖ్య ఒకటి ఇస్తారు. సర్టిఫికెట్టును ఏడాదికొకసారి తిరిగి పొందవలెను.

అందులో ఏమడుగుతారు? ఏ తేదీన ఏ మందు ఎంత మోతాదులో కొట్టినారు, ఎవరు కొట్టినారు, కోతకు ఎన్ని దినాల ముందు ఆపినారు అని అడుగుతారు. మందులకు తాళం వేసిన గది ఉన్నదా, ఖాళీ డబ్బాలు ఏం చేసినారు, నీళ్లు బోరువా కాలువవా, ఎంత పారించినారు అని అడుగుతారు. కూలివాళ్లకు మరుగుదొడ్డి, చేతులు కడుక్కోను సబ్బు, తాగను మంచినీళ్లు ఉన్నాయా, మందు కొట్టే మనిషికి చేతి తొడుగులు, ముక్కుకు గుడ్డ ఉన్నాయా అని అడుగుతారు. పనివాళ్ల బాగోగులకోసం గ్రాస్ప్ అని విడిగా ఇంకొక భాగం కలదు.

నిదానంగా ఆలోచిస్తే ఇందులో మనకు చెరుపు చేసేది ఒక్కటీ లేదు. మన చట్టాలు ఎప్పుడో చెప్పినవే ఇవి. పురుగుమందుల చట్టం 1968లో వచ్చినది. వెట్టిచాకిరిని రద్దు చేసిన చట్టమూ, ఒకే పనికి ఆడవారికీ మగవారికీ ఒకే కూలి అన్న చట్టమూ 1976లో వచ్చినవి. పద్నాలుగేండ్ల లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోరాదని 2016లో సవరణ చేసినారు. బడి విడిచినాక సొంత ఇంటివాళ్లకు చేదోడుగా ఉండడానికి మినహాయింపు ఉన్నది. కాబట్టి "దొరలు వచ్చి మనకు నీతులు చెప్తాండారు" అని కోపపడవలసిన పని లేదు.

మరి చిక్కు ఎక్కడున్నది? నా అనుభవమొకటి చెప్తాను. ఇది నా తప్పు, దాచుకోను.

కొన్నేండ్ల కిందట పులివెందుల పక్క ఒక రైతుకు పెద్ద కొనుగోలుదారు తనిఖీ వస్తుందని కబురు వచ్చింది. వారం గడువు. ఆయన నా దగ్గరికి వచ్చి, "సారూ, పుస్తకం లేదంటే కాయ ఎత్తరంట. గెలలు పక్వానికొచ్చి ఉండాయి. ఎట్లన్నా చేసి గట్టెక్కించు సారూ" అన్నాడు. ఆయన అప్పు నాకు తెలుసు. ఇద్దరం కూర్చొని ఏడాది పుస్తకం ఒక్క రాత్రిలో రాసినాము. "తొడుగులు ఇచ్చినారా?" అన్న చోట అవును. "శిక్షణ ఇచ్చినారా?" అన్న చోట అవును. మందు కొట్టిన మనిషి పేరు గూడా రాసినాను. పక్కతోట నుండి ముసుగులు ఎరువు తెచ్చినాము. రేకులతో మరుగుదొడ్డి లేపినాము. తనిఖీకి వచ్చినాయన పుస్తకం తిరగేసి, ఫోటోలు తీసుకొని, గంటలో వెళ్లిపోయినాడు. మర్నాడు ఆ రేకులు ఊడదీసినారు.

నెల తిరగలేదు. పుస్తకంలో నేను పేరు రాసిన ఆ మనిషే ఎండలో మందు కొట్టి, తల తిరిగి, వాంతులై, మూడు దినాలు ఆసుపత్రిలో ఉండినాడు. బతికి బయటపడినాడు. చూడబోతే ఆయన భార్య ఎదురొచ్చింది. ఆ తోటలోనే కాయ కడిగే పని ఆమెది.

"మా ఆయనకు చేతి తొడుగులు ఇచ్చినామని బుక్కులో రాసినారంట గదా సారూ. అవి యాడుండాయో చూపించండి. ఈసారికన్నా తొడిగి పంపిస్తా" అన్నది.

నేను జవాబు చెప్పలేకపోయినాను. ఆమె కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది. అందుకే ఆ మాట ఇప్పటికీ నన్ను విడవదు.

ఇప్పుడు తప్పు ఎవరిదో లెక్క వేద్దాము. రైతుది ఉన్నది. నాది ఉన్నది, నాదే ఎక్కువ. మరి గంటలో తనిఖీ ముగించిన కొనుగోలుదారుది లేదా? ఏడాది పుస్తకం అడిగి వారం గడువిచ్చిన వాళ్లది లేదా? తొడుగులు కావాలన్నారు, మరుగుదొడ్డి కావాలన్నారు, పరీక్షల రుసుము కట్టమన్నారు. కిలోకు పైసా ఎక్కువ ఇస్తామని మాత్రం అనలేదు. షరతు పైనుండి వస్తుంది, ఖర్చు కిందికి జారుతుంది. జారి జారి రైతు దగ్గర ఆగుతుందా అంటే అక్కడా ఆగదు. అందరికన్నా కింద ఉన్న కూలి మనిషి చేతి మీద పడుతుంది.

"ఇది అరటివాళ్ల గోల, శనగ, పత్తి వేసుకునే మాకేమి" అని జమ్మలమడుగు, ప్రొద్దుటూరు రైతులు అనుకోవద్దు. 2020 జనవరిలో మనకు పొరుగున ఉన్న తాడిపత్రి నుండి ఒక రైలు నిండా, 43 శీతల పెట్టెల్లో అరటి ముంబై జవహర్‌లాల్ నెహ్రూ ఓడరేవుకు పోయింది. 2024 మార్చిలో పులివెందులలోనే అరటి ప్యాక్‌హౌస్ ప్రారంభమైనది. ఈనాడు అరటికి వచ్చిన షరతు రేపు శనగకు రాదని ఎవరు చెప్పగలరు? పప్పు, పిండి, నూనె అన్నీ పొట్లాలలో కట్టి పెద్ద అంగళ్లలో అమ్మే కాలమిది.

మన రాష్ట్రంలోనే జరిగిన సంగతి ఇంకొకటి చూడండి. కోస్తాలో రొయ్యల సాగు ఎంత పెరిగినదో మీకు తెలుసు. అమెరికాకు రొయ్యలు పంపే ప్రధాన దేశాలలో మనది ఒకటి. మన దేశపు రొయ్యలలో పెద్ద భాగం ఆంధ్రప్రదేశ్‌దే. 2024 మార్చిలో అమెరికాకు చెందిన కార్పొరేట్ అకౌంటబిలిటీ ల్యాబ్ అనే సంస్థ ఒక నివేదిక, అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ ఒక పరిశోధన ప్రకటించినవి. రొయ్య వలిచే షెడ్లలో ఆడవాళ్లు మంచులో వట్టి చేతులతో పని చేస్తున్నారనీ, కూలి తక్కువనీ, అప్పుకు కట్టుబడి పనిచేసేవారు ఉన్నారనీ, చెరువుల ఉప్పునీరు, మురుగు చుట్టుపక్కల పొలాలను, తాగునీటిని చెరుస్తున్నదనీ వాటిలో రాసినారు. ఎగుమతిదారులు ఈ ఆరోపణలను ఖండించినారు. అదే ఏడాది సెప్టెంబరులో అమెరికా కార్మిక శాఖ భారతదేశపు రొయ్యలను నిర్బంధ శ్రమ అనుమానమున్న సరుకుల జాబితాలో చేర్చినది.

చెరువులనుండి వచ్చే చెరుపు సంగతి కొత్తది గాదు. 1996 డిసెంబరులోనే సుప్రీంకోర్టు తీరప్రాంతపు రొయ్యల చెరువుల మీద తీర్పు ఇచ్చి, చెరిపినవాడే చెల్లించవలెను అన్న సూత్రాన్ని వర్తింపజేసినది. ఆ సూత్రం న్యాయమైనది. అయితే చెరిపినవాడు అంటే చెరువు తవ్వినవాడు ఒక్కడేనా? ఇంత చవకగా, ఇంత త్వరగా, ఇంత సరుకు కావాలని అడిగినవానికి అందులో భాగం లేదా? 2024 నివేదిక ఈ ప్రశ్ననే పెద్ద అంగళ్లను అడిగినది.

ద్రాక్ష రైతుల అనుభవం గూడా తెలుసుకోదగినది. 2010లో మన దేశపు ద్రాక్షలో క్లోర్‌మెక్వాట్ క్లోరైడ్ అనే పెరుగుదల నియంత్రణ మందు శేషం పరిమితి మించి ఉన్నదని ఐరోపాలో సరుకు ఆపివేసినారు. చాలామంది రైతులు ఏండ్ల తరబడి వాడుతూ వచ్చిన మందు అది. నష్టం ఎగుమతిదారు మీద, రైతు మీద పడినది. అంగడివాడు ఇంకొక దేశం ద్రాక్షను అదే అరలో పెట్టుకొన్నాడు. అరటైనా, రొయ్యైనా, ద్రాక్షైనా వరస ఒక్కటే.

అయితే దీనికి విరుగుడు లేకపోలేదు. అమెరికాలో ఫ్లారిడా రాష్ట్రంలో ఇమ్మొకలీ అని ఒక ఊరు. అక్కడి టమాటా తోటల కూలీలు 1993లో ఒక్కటై సంఘం పెట్టుకున్నారు. వాళ్లు మొదట తోట యజమానులతో పోరాడినారు. తర్వాత ఆలోచించినారు: "ఇతనికి ధర కట్టేవాడు పైన ఇంకొకడున్నాడే, వాణ్ణి అడగొద్దా?" అని. టాకో బెల్ అనే పెద్ద హోటళ్ల కంపెనీ సరుకు కొనవద్దని 2001లో ప్రజలను కోరినారు. నాలుగేండ్లు పట్టినది. 2005లో ఆ కంపెనీ ఒప్పుకొన్నది. ఒప్పుకొన్నది ఏమి? పౌను టమాటాకు ఒక్క సెంటు అదనంగా ఇస్తాము, అది కూలివాళ్లకు చేరవలెను అని. ఒక్క సెంటు! తర్వాత పెద్ద కంపెనీలు ఒకటొకటిగా చేరినవి. 2011 నుండి ఫెయిర్ ఫుడ్ అనే కార్యక్రమంగా అది ఫ్లారిడా టమాటా తోటలలో నడుస్తున్నది. 2014లో వాల్‌మార్ట్ గూడా చేరినది. ఆ తోటలలో నీడ, తాగునీరు ఉండవలెను. కూలివాళ్లు ఏ వేళనైనా ఫిర్యాదు చెప్పుకొనే ఫోను ఉన్నది. తప్పు దిద్దుకోని తోటలో ఆ కంపెనీలు కొనవు. అక్కడ షరతు, డబ్బు రెండూ కలసి కిందికి వచ్చినవి. కిటుకు అంతా అందులోనే ఉన్నది.

చట్టాలు గూడా మెల్లగా ఇటు మళ్లుతున్నవి. పెద్ద కంపెనీలు తమకు సరుకు పంపేవారి దగ్గర పనివాళ్ల హక్కులు, పర్యావరణం ఎట్లున్నవో కనిపెట్టి ఉండవలెనని జర్మనీ చేసిన చట్టం 2023 జనవరి 1న అమలుకు వచ్చినది. 2024లో ఐరోపా సమాఖ్య అటువంటి నిర్దేశమే చేసినది గాని, 2025లో దాని గడువును వెనక్కి జరిపినది. మన దేశంలో సెబీ, మార్కెట్ విలువలో మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలు తమ బాధ్యతను గురించి ఏటా నివేదిక ఇవ్వవలెనని 2022-23 నుండి నియమం పెట్టినది. ఐరోపాకు సరుకు పంపేవారు గుర్తుంచుకోవలసినది ఇంకొకటి ఉన్నది. 2019 నాటి ఐరోపా నిర్దేశం ప్రకారం, త్వరగా చెడిపోయే సరుకుకు పెద్ద కొనుగోలుదారు ముప్పది దినాలలో డబ్బు కట్టవలెను. చివరి గడియలో ఆర్డరు రద్దు చేయరాదు. బయటి దేశాలనుండి అమ్మేవారికి గూడా ఇది వర్తిస్తుంది. ఎగుమతిదారుతో మాట్లాడేటప్పుడు ఈ సంగతి మీకు తెలుసునని ఆయనకు తెలియనివ్వండి.

చట్టం వచ్చేదాకా కూర్చుంటే కాయ పండిపోతుంది. మనం చేయదగినవి చెప్తాను, వినండి.

ఒకటి. పుస్తకం ఏ దినానిది ఆ దినమే రాయండి. పాఠశాల నోటుబుక్కు చాలు. తేదీ, మందు పేరు, మోతాదు, కొట్టిన మనిషి పేరు, కోతకు మిగిలిన దినాలు. మందు డబ్బా మీద త్రికోణం రంగు చూడండి. ఎరుపు అన్నిటికన్నా విషం, తర్వాత పసుపు, తర్వాత నీలం, ఆ తర్వాత ఆకుపచ్చ. ఎరుపు డబ్బా అయితే ఆ మందు అవసరమేనా అని ముందు ఇంకొకరిని అడగండి.

రెండు. మందు కొట్టే మనిషికి తొడుగులు, ముక్కుగుడ్డ, నిండు చేతుల చొక్కా, సబ్బు ఇవ్వండి. గాలికి ఎదురు కొట్టనివ్వద్దు, నడిమధ్యాహ్నం కొట్టనివ్వద్దు. ఖాళీ డబ్బాలో తాగునీళ్లు పోసుకోనివ్వద్దు, దానిని కాలువలో పారవేయవద్దు. గెలలకు తొడిగిన ప్లాస్టిక్ సంచులు తోటలో కాల్చవద్దు, పోగుచేసి పంపించండి.

మూడు. నీళ్ల లెక్క రాయండి. అరటి నీళ్ల పంట, మనది వాన తక్కువ సీమ. డ్రిప్పు ఉన్నవారు ఎన్ని గంటలు విడిచినారో రాస్తే చాలు. కొనుగోలుదారు అడిగినా అడగకపోయినా, బోరు ఎండితే ఎండేది మన తోట.

నాలుగు. ఖర్చు లెక్క కట్టి కొనుగోలుదారు ముందు పెట్టండి. ఉదాహరణకు ఒక తోటలో 26 టన్నుల కాయ వచ్చినదనుకుందాము. అంటే పదమూడు కిలోల పెట్టెలు రెండు వేలు. మరుగుదొడ్డి, తొడుగులు, సబ్బు, పరీక్షలు, రుసుములు అన్నిటికీ 26 వేలు అయినదనుకుందాము. కిలోకు ఎంత పడినది? ఒక్క రూపాయి. పెట్టెకు పదమూడు రూపాయలు. "మీరు పెట్టిన షరతుకు అయిన ఖర్చు ఇది. ఈ రూపాయి విడిగా రాసి ఇవ్వండి" అని అడగండి. ధరలో కలిపేసి ఇస్తామంటే ఒప్పుకోవద్దు. కలిపితే అది మొదటి బేరంలోనే కరిగిపోతుంది.

అయిదు. ఒక్కరే అడిగితే "నీవు కాకుంటే ఇంకొకడు" అంటారు. అందుచేత రైతు ఉత్పత్తిదారుల సంఘంగా అడగండి. గ్లోబల్‌గ్యాప్ సర్టిఫికెట్టును గుంపుగా గూడా తీసుకోవచ్చును, ఒక్కొక్కరి మీద భారం తగ్గుతుంది. ఒప్పందం తెలుగులో రాయించుకోండి. షరతులతోబాటు ధర, డబ్బు కట్టే గడువు, సరుకు వద్దన్నప్పుడు కారణం రాసి ఇచ్చే నియమం అందులో ఉండవలెను.

ఆరు. ఆ రూపాయి వచ్చినదంటే అది మనది కాదు, పనివాళ్లది. ఇమ్మొకలీలో సెంటు కూలివాళ్లకు చేరినది గనుకనే అది నిలిచినది. మన దగ్గర రూపాయి రైతు జేబులో ఆగితే, పెద్ద అంగడివానికీ మనకూ తేడా ఏమున్నది?

ఇక గ్రామాలలో పనిచేసే వ్యవసాయ, ఉద్యాన సహాయకులకు ఒక మాట. నేను చేసిన పని మీరు చేయవద్దు. రైతు కష్టంలో ఉన్నాడని జాలిపడి దొంగలెక్క రాస్తే, ఆ కష్టాన్ని అతనికన్నా బీదవాని మీదికి తోసినట్టే అవుతుంది. పైగా పైవానికి మనమే తప్పుదారి చూపించినవాళ్ల మవుతాము. "మా దగ్గర అంతా సక్రమంగా ఉన్నది, ఇదిగో పుస్తకం" అని పెద్ద అంగడివాడు ఆ కాగితమే చూపిస్తాడు. తొడుగులు లేకుంటే లేవని రాయండి. ఎందుకు లేవో, ఎంత ఖర్చవుతుందో గూడా రాయండి. నిజం రాసిన పుస్తకమే పైవాణ్ణి నిలదీయగలదు.

తనిఖీ చేసేవారు వచ్చినప్పుడు వాళ్లను ప్యాక్‌హౌస్‌లోనే కూర్చోబెట్టి పంపవద్దు. తోటలోకి పిలుచుకుపోండి. కాయ కడిగే ఆడవాళ్లతో, మందు కొట్టే మనిషితో మాట్లాడమనండి. "ఏం పెద్దమ్మా, నీకు కూలి ఎంత, నీళ్లు యాడ తాగుతావు?" అని అడగమనండి. ఆ జవాబు వినకుండా ఇచ్చిన సర్టిఫికెట్టు వట్టి కాగితం.

నేను మొదట చెప్పిన ఆ తోటకు ఇప్పటికీ పోతుంటాను. ఆ రైతు మరుసటి ఏడాది తొడుగులు కొన్నాడు. అప్పు చేసే కొన్నాడు, ఎవరూ రూపాయి ఇవ్వలేదు. ఇటుకలతో మరుగుదొడ్డి కట్టించినాడు. ఆ మనిషి మళ్లా పనికి వస్తున్నాడు. పుస్తకం ఇప్పుడు రైతు కూతురు రాస్తున్నది, ఏ దినానిది ఆ దినం. ఒకనాడు దానిని ఆ కూలి మనిషి భార్యకు చూపించినాను. ఆమెకు చదువు రాదు. అమ్మాయి చదివి వినిపించింది. విని, "ఈ బుక్కు ఆ పెద్ద అంగడోళ్లు గూడా చదువుతారా?" అని అడిగింది.

చదివేటట్టు చేయవలసిన పని మనందరిది.